పరిశోధన ప్రాజెక్టుకు దరఖాస్తు ఎలా తయారు చేయాలి: శాఖలో మొదటి కాగితం నుంచి పోర్టల్‌లో సమర్పణ దాకా

ప్రాజెక్టు ప్రకటన వెలువడిన వారంలో మా శాఖ వరండాలో వినిపించే ప్రశ్న ఏటా ఒక్కటే: ప్రపోజల్ రాయడం ఎక్కడ మొదలుపెట్టాలి? కొత్తగా చేరిన అధ్యాపకుల్లో చాలామంది పూర్వ పరిశోధనల సమీక్షతో మొదలుపెట్టి, నెల రోజులు అందులోనే గడిపి, చివరి మూడు రోజుల్లో బడ్జెట్టు కోసం, సంతకాల కోసం పరుగులు పెడతారు. ఈ క్రమాన్ని తిరగవేయాలని నేను చెబుతాను. లెక్కలు, సంతకాలు ముందు. సమీక్ష, సారాంశం తరువాత. విశాఖపట్నంలో ఒక విజ్ఞానశాస్త్ర శాఖలో పనిచేస్తూ సొంతంగా రాసినవీ, సహోద్యోగుల కోసం దిద్దినవీ గుర్తు చేసుకుంటే, ఆలోచనలో పస లేక పోయిన దరఖాస్తుల కంటే పని పద్ధతికీ అడిగిన డబ్బుకూ పొంతన లేకనో, విశ్వవిద్యాలయపు ఆమోద లేఖ సమయానికి చేతికి రాకనో పోయినవే నా కళ్ల ముందు ఎక్కువ ఉన్నాయి.

గడువుకు ఆరు వారాల ముందు మొదలుపెట్టారనుకుని ఈ వరుస రాస్తున్నాను. నాలుగు వారాలే మిగిలి ఉంటే 2వ, 6వ మెట్లను ఒకే రోజున మొదలుపెట్టండి. రెండు వారాలే ఉంటే తరువాతి ప్రకటన దాకా ఆగడం మంచిది.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- ప్రకటన పూర్తి ప్రతి, దానితో పాటు ఇచ్చిన నమూనా పత్రాలు. ఇవన్నీ ఈ ఏడాదివే అయి ఉండాలి.
- మీ నియామక ఉత్తర్వు, పుట్టిన తేదీ రుజువు, పీహెచ్‌డీ పట్టా, అవసరమైతే కుల ధ్రువపత్రం.
- గత ఐదేళ్ల ప్రచురణల జాబితా. పత్రిక పేరు, సంవత్సరం, పుట సంఖ్యలు ఒకే పద్ధతిలో ఉండాలి.
- ప్రస్తుతం నడుస్తున్న, ముగిసిన ప్రాజెక్టుల వివరాలు: మంజూరు సంఖ్య, మొత్తం, ముగింపు తేదీ. పాత ప్రాజెక్టుకు వినియోగ ధ్రువపత్రం, అంటే జీఎఫ్‌ఆర్ 12-ఏ నమూనాలో ఇవ్వవలసిన యూసీ, బకాయి ఉంటే ముందు దాన్ని తేల్చుకోండి.
- శాఖలో ఉన్న పరికరాల జాబితా, అవి కొన్న సంవత్సరం, ఇప్పుడు పనిచేస్తున్నాయా లేదా అన్న సంగతి. స్టాక్ రిజిస్టరులో ఉన్న పరికరమంతా పనిచేసే పరికరం కాదని మీకు చెప్పనక్కరలేదు.
- విశ్వవిద్యాలయపు పీఎఫ్‌ఎంఎస్ కోడు (కేంద్ర నిధులు జమయ్యే ఆన్‌లైన్ వ్యవస్థలో సంస్థ నంబరు), బ్యాంకు ఖాతా వివరాలు. ఇవి ఫైనాన్స్ ఆఫీసరు కార్యాలయంలో దొరుకుతాయి. చివరి రోజున వెళితే ఆ సీటు గుమాస్తా సెలవులో ఉంటారు.

1. ప్రకటనను అచ్చు తీసి, పెన్సిలు పట్టుకుని చదవండి.

అర్హతల భాగంలో నాలుగు చోట్ల గీత గీయండి: రెగ్యులర్ ఉద్యోగి అయి ఉండాలా, వయసు పరిమితి ఉందా, పదవీ విరమణకు ఎన్నేళ్లు మిగిలి ఉండాలి, ఒకే సమయంలో ఎన్ని ప్రాజెక్టులు ఉండవచ్చు. మీ సర్వీసు ప్రాజెక్టు కాలం కంటే ముందే ముగిసేటట్లయితే, అదే శాఖ నుంచి సహ పరిశోధకులు ఒకరు ఉంటే సరిపోతుందో లేదో ప్రకటనలోనే వెతకండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పరిశోధన ప్రాజెక్టులకు నిధులిచ్చేందుకు 2008 చట్టంతో ఏర్పడిన కేంద్ర సంస్థ సెర్బ్ (సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు) ఇప్పుడు లేదు. 2023లో పార్లమెంటు చేసిన చట్టంతో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్, అంటే ఏఎన్‌ఆర్‌ఎఫ్, దాని పనిని తీసుకుంది. ఆ చట్టం 2024 ఫిబ్రవరి 5 నుంచి అమలులోకి వచ్చింది. అయినా సీనియర్ల దగ్గర తీసుకున్న పాత ఫైలును దిద్ది వాడుకునే అలవాటు వల్ల, సెర్బ్ పేరుతోనే ధ్రువపత్రం రాసి సంతకం పెట్టించుకున్నవారిని ఈ మధ్య కూడా చూశాను. పాత ఫైలును వరుస నేర్చుకోవడానికి వాడండి, నమూనా పత్రాలను మాత్రం ప్రకటన నుంచే తీసుకోండి.

మీ విషయం ఈ సంస్థకు సరిపోకపోతే వేరే తలుపులు ఉన్నాయి. సామాజిక శాస్త్రాల వారికి ఐసీఎస్‌ఎస్‌ఆర్, ఆరోగ్య పరిశోధనకు ఐసీఎంఆర్, జీవసాంకేతికానికి డీబీటీ, సముద్రం, వాతావరణం మీద పనిచేసేవారికి భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ. నీటి అడుగున ధ్వని వంటి విషయాలైతే డీఆర్‌డీఓ కింద ఉన్న నేవల్ రీసెర్చ్ బోర్డు ఉంది. డీఆర్‌డీఓ వారి నౌకాదళ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ మన ఊళ్లోనే ఉంది కాబట్టి, ఆ రంగంలో అవసరాలేమిటో తెలిసినవారితో మాట్లాడడం ఇక్కడి వారికి కొంత సులువు. ఒకే ప్రపోజల్‌ను పేరు మార్చి రెండు సంస్థలకు పంపవద్దు. వేరే చోటికి పంపలేదని హామీపత్రం మీద మీరే సంతకం చేస్తారు.

2. ఒక పేజీ నోటు రాసి, వేరే శాఖ వారి చేత చదివించండి.

సమస్య ఏమిటి, ఇప్పటిదాకా తెలియనిది ఏది, మీరు ఏం కొలుస్తారు, ఏ పరికరంతో కొలుస్తారు, మూడేళ్ల చివర చేతిలో ఏముంటుంది: ఈ ఐదింటికి తలా రెండు మూడు వాక్యాలు చాలు. మీ శాఖ వారికి చూపిస్తే చెప్పనివి కూడా అర్థం చేసుకుని తల ఊపుతారు. అందుకని వృక్షశాస్త్రం వారు భౌతికశాస్త్రం వారికి, భూగర్భశాస్త్రం వారు రసాయనశాస్త్రం వారికి చూపించండి. చదివినవారు నోటు పక్కన పెట్టి తమ మాటల్లో ఆ పనేమిటో చెప్పగలిగితే ముందుకు వెళ్లండి. చెప్పలేకపోతే మళ్లీ రాయండి.

3. లక్ష్యాలను లెక్కకు అందేలా రాయండి.

మూడు, లేదా నాలుగు. అంతకు మించవద్దు. "అధ్యయనం చేయడం", "అవగాహన పెంచడం" అన్న మాటలతో ముగిసే లక్ష్యం పూర్తయిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఒక ఉదాహరణ చూడండి. ఊరికి తాగునీరిచ్చే మేఘాద్రిగెడ్డ జలాశయం మీద పని చేయాలనుకున్న ఒకరు మొదట ఇలా రాశారు: "మేఘాద్రిగెడ్డ జలాశయపు నీటి నాణ్యతను అధ్యయనం చేయడం." మూడుసార్లు తిరగరాశాక అది ఇలా మారింది: "మేఘాద్రిగెడ్డ జలాశయంలో 12 చోట్ల, 24 నెలలపాటు, నెలకొకసారి నీటి నమూనాలు సేకరించి, నైట్రేటు, ఫాస్ఫేటు స్థాయిలు నైరుతి రుతుపవనాలకు ముందూ తరువాతా ఎలా మారుతున్నాయో నిర్ధారించడం."

రెండో వాక్యాన్ని చూడగానే, నిధులిచ్చే సంస్థ తరఫున ప్రపోజల్ చదివే పరిశీలకుడు గుణకారం మొదలుపెడతాడు. 12 చోట్లు, 24 నెలలు, మొత్తం 288 నమూనాలు. ఒక్కోదాన్ని మూడుసార్లు పరీక్షిస్తే 864 పరీక్షలు. ఇప్పుడు రసాయనాల పద్దు కింద మీరు లక్ష రూపాయలే అడిగి ఉంటే, ఒక్కో పరీక్షకు 116 రూపాయలు కూడా రావు. ఆ డబ్బుతో పని సాగుతుందా అని ఆయన అడగకముందే మీరు అడగాలి. లక్ష్యం రాసిన రోజునే, అదే కాగితం అడుగున ఈ గుణకారం చేసి పెట్టుకోండి. తరువాతి మెట్టు అంతా దీని మీదే నిలబడుతుంది.

కాలపట్టికలో క్యాలెండరు నెలల పేర్లు రాయకుండా 1వ నెల, 2వ నెల అని రాయండి, ఎందుకంటే మంజూరు ఏ నెలలో వస్తుందో మన చేతిలో లేదు. మొదటి మూడు నెలల్లో ఫలితాలు చూపించవద్దు. నియామక ప్రకటన, ఇంటర్వ్యూ, పరిశోధక సహాయకులు చేరడం, వీటికే ఆ కాలం చెల్లిపోతుంది. తీరంలోనో సముద్రంలోనో నమూనాలు తీసేవారు అక్టోబరు, నవంబరు తుపాన్లకు కొన్ని వారాలు వదిలిపెట్టుకుని, ఆ సంగతి పద్ధతుల భాగంలోనే చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన ఊళ్లో ఉంటూ ఆ రెండు నెలలూ పడవ దొరుకుతుందని రాస్తే బాగుండదు.

4. బడ్జెట్టును ఒక్కో పద్దుగా కట్టండి.

జీతాల పద్దు: కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ (డీఎస్‌టీ) 2023 జూన్‌లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఆ ఏడాది జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్‌కు, అంటే మొదటి రెండేళ్ల పరిశోధక సహాయకులకు, నెలకు 37,000 రూపాయలు, ఆపైన ఎస్‌ఆర్‌ఎఫ్ అయ్యాక 42,000 రూపాయలు. దీనికి ఇంటి అద్దె భత్యం కలపాలి. ఈ భత్యం కోసం కేంద్రం నగరాలను ఎక్స్, వై, జెడ్ తరగతులుగా విభజించింది. విశాఖపట్నం వై తరగతి నగరం కాబట్టి ఇక్కడ ఇప్పుడున్న రేటు 20 శాతం. ఎక్స్ తరగతికి చెందిన హైదరాబాదుకు 30 శాతం. హైదరాబాదు మిత్రుల బడ్జెట్టు పట్టికను తెచ్చుకుని అంకెలు మార్చకుండా అతికించడం మన దగ్గర చాలా తరచుగా జరిగే తప్పు. లెక్క ఇలా ఉండాలి.

మొదటి రెండేళ్లు: 37,000, దాని మీద భత్యం 7,400, నెలకు 44,400, ఏడాదికి 5,32,800.
మూడో ఏడాది: 42,000, దాని మీద భత్యం 8,400, నెలకు 50,400, ఏడాదికి 6,04,800.
మూడేళ్ల మొత్తం: 16,70,400.

30 శాతంతో కడితే ఇది 1,39,200 ఎక్కువవుతుంది. అంత చిన్న తేడాకు దరఖాస్తు పోకపోవచ్చు గానీ, మిగతా అంకెలన్నీ కూడా ఎక్కడి నుంచో తెచ్చినవేనన్న అనుమానం మాత్రం వస్తుంది. మీరు దరఖాస్తు చేసే పథకం వేరే మొత్తాలు చెప్పి ఉంటే వాటినే వాడండి.

పరికరాల పద్దు: కొటేషన్లు తాజావి కావాలి. పరిశోధన సంస్థలకు శాస్త్రీయ పరికరాల మీద 5 శాతం జీఎస్‌టీ ఉన్న రాయితీని 2022 జూలై 18 నుంచి తీసేశారు. సాధారణంగా ప్రయోగశాల పరికరాలకు ఇప్పుడు 18 శాతం పడుతుంది. 12 లక్షల పరికరానికి పాత కొటేషన్ ప్రకారం 12,60,000 అడిగితే, కొనేటప్పుడు 14,16,000 కట్టాలి. ఆ 1,56,000 ఎక్కడి నుంచి వస్తుంది? మంజూరయ్యాక పద్దులు మార్చుకోవడానికి సంస్థ అనుమతి కావాలి, అందుకు నెలలు పడుతుంది. పన్ను రేటు, హెచ్‌ఎస్‌ఎన్ కోడు (పన్ను కోసం వస్తువుకు ఇచ్చే వర్గీకరణ సంఖ్య) కొటేషన్‌లోనే రాసి ఇమ్మని అమ్మకందారును అడగండి. విదేశీ పరికరమైతే ధర ఏ కరెన్సీలో, ఏ రోజు మారకం రేటుతో లెక్క కట్టారో కూడా ఉండాలి.

యూపీఎస్, స్టెబిలైజరు, తేమ తగ్గించే యంత్రం వంటివి అనుబంధాలుగా అదే కొటేషన్‌లో అడగండి. సముద్రపు గాలిలో తేమకు లెన్సుల మీద బూజు పడుతుంది, ఉప్పుకు కనెక్టర్లు తుప్పు పడతాయి. బీచ్ రోడ్డుకు దగ్గరలో ప్రయోగశాల ఉన్నవారికి ఇది అనుభవమే. ఈ కారణాన్ని పరికరాల సమర్థనలో రెండు వాక్యాలుగా రాయండి. చెన్నైలోనో కొచ్చిలోనో కూర్చున్న పరిశీలకుడికి వెంటనే అర్థమవుతుంది.

పరికరం కొనకుండా పని జరిగే దారి ఉందేమో కూడా చూడండి. ఏడాదికి యాభై నమూనాలే ఉంటే, పెద్ద యంత్రం అడిగే బదులు బయట పరీక్షించడానికి రుసుము అడగడం తెలివైన పని. పక్క శాఖలోనో, ఊళ్లోని వేరే సంస్థలోనో ఆ పరికరం ఉంటే, వాడుకోనిస్తామని లేఖ తెచ్చి జతపరచండి. సముద్ర సంబంధమైన పనులకు జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్ఐఓ), కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ)ల ప్రాంతీయ కేంద్రాలు ఇక్కడే ఉన్నాయి. నోటి మాటను నమ్ముకుని "సహకారం లభిస్తుంది" అని రాయవద్దు.

ప్రయాణాల పద్దులో పొలానికో జలాశయానికో వెళ్లే వాహనం, పడవ అద్దెలు ఒకటిగా, సదస్సులకు వెళ్లే ఖర్చు వేరొకటిగా చూపండి. ఇతర ఖర్చుల పద్దులో ల్యాప్‌టాప్ దాచవద్దు. సంస్థాగత వ్యయం, అంటే ఓవర్‌హెడ్, ఎంత శాతమో ప్రకటనలో ఉంటుంది. దాన్ని మిగతా పద్దుల మొత్తం మీద కట్టాలా, ఏదైనా పద్దును మినహాయించాలా అన్నది చదివి కట్టండి. ఓవర్‌హెడ్ కలిపిన మొత్తం మీద మళ్లీ ఓవర్‌హెడ్ కట్టిన పట్టికలు కూడా నా దగ్గరికి వచ్చాయి.

5. అనుమతులు ఏవి కావాలో ముందే తేల్చుకోండి.

మనుషుల నుంచి రక్తమో సమాచారమో సేకరించే పనికి సంస్థాగత నైతిక సంఘం ఆమోదం, జంతువులతో చేసే పనికి జంతు నైతిక సంఘం ఆమోదం, జన్యు మార్పిడి జీవులతో పనికి జీవభద్రత సంఘం ఆమోదం కావాలి. కంబాలకొండ వంటి అభయారణ్యంలో నమూనాలు తీయాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. పాడేరు ఏజెన్సీ గ్రామాల్లో సర్వే తలపెట్టినవారు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) అధికారులతో ముందుగా మాట్లాడుకోవాలి. నైతిక సంఘం రోజూ కూర్చోదు. సమావేశం గడువు తరువాత ఉంటే, దరఖాస్తు అందినట్టు రసీదు జతపరచి, ఆమోదం వచ్చాకే పని మొదలుపెడతామని రాయవచ్చునేమో ప్రకటనలో చూడండి. కొన్ని పథకాలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు.

6. విశ్వవిద్యాలయపు ఆమోద లేఖ కోసం ఫైలు కదిలించండి.

ఈ పని 7వ మెట్టు కంటే ముందే మొదలు కావాలి. దీనికి పూర్తి ప్రపోజల్ అవసరం లేదు: శీర్షిక, ఒక పేజీ నోటు, బడ్జెట్టు సారం, నింపిన ఆమోద నమూనా ఉంటే చాలు. శాఖాధ్యక్షుల సిఫారసుతో డీన్ కార్యాలయానికి, అక్కడి నుంచి రిజిస్ట్రారుకు ఫైలు వెళుతుంది. ఓవర్‌హెడ్ గురించి ఫైనాన్స్ విభాగం ఒక ప్రశ్న వేస్తుంది. ప్రతిచోటా ఇన్వార్డు నంబరు రాసుకుని, రెండు రోజులకొకసారి స్వయంగా వెళ్లి అడగండి. ఎవరినీ తప్పు పట్టనక్కరలేదు, అదే బల్ల మీద పరీక్షల ఫైళ్లు, పింఛను ఫైళ్లు కూడా ఉంటాయి. రిజిస్ట్రారు విజయవాడ సమావేశాలకు వెళ్లే రోజులు ఆయన కార్యాలయంలో ముందే కనుక్కోండి.

నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం, ఆమోద లేఖకు ఫైలు పంపాక ప్రపోజల్ శీర్షికలో ఒక మాట మార్చాను, మెరుగ్గా ఉందని. లేఖ పాత శీర్షికతో వచ్చింది, పోర్టల్‌లో కొత్త శీర్షిక ఎక్కించాను, రెండూ వేరువేరుగా ఉన్నాయన్నది గమనించలేదు. తొలి వడపోతలోనే దరఖాస్తు తిరిగి వచ్చింది. శాస్త్ర విషయం ఎవరూ చదవనే లేదు. అప్పటి నుంచి శీర్షికను ఒక చీటీ మీద రాసి బల్ల అద్దం కింద పెట్టుకుని, ప్రతి పత్రంలోనూ అక్షరం అక్షరం పోల్చి చూస్తున్నాను. ఫైలు కదిలిన క్షణం నుంచి శీర్షిక, కాలవ్యవధి, సహ పరిశోధకుల పేర్లు మారకూడదు. మార్చక తప్పకపోతే కొత్త లేఖ తీసుకోవాలి.

7. ఇప్పుడు రాయండి.

పద్ధతులు మొదట, పూర్వ పరిశోధనల సమీక్ష తరువాత, సారాంశం అన్నిటికంటే చివర. సమీక్షలో మీ లక్ష్యాలకు సంబంధం లేని పేరా ఎంత బాగున్నా తీసేయండి. మన దేశంలో ఎవరు ఇదే పని చేస్తున్నారో తప్పక రాయండి, ఎందుకంటే మీ ప్రపోజల్ వారిలో ఒకరి దగ్గరికే వెళ్లే అవకాశం ఎక్కువ.

రాత పూర్తయ్యాక గ్రంథాలయంలో సారూప్య పరీక్ష, అంటే మీ వాక్యాలు ఇదివరకే అచ్చయిన వాటితో ఎంత కలుస్తున్నాయో సాఫ్ట్‌వేర్‌తో చూసే పరీక్ష, చేయించండి. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు సారూప్యానికి శిక్ష లేదు, ఆపైన మెట్లవారీగా ఉంది. ఆ నిబంధనలు సిద్ధాంత గ్రంథాల వంటి వాటికి రాసినవైనా, ప్రపోజల్‌కు కూడా 10 లోపు ఉంచుకోవడం క్షేమం. శాతం తక్కువగా ఉన్నంత మాత్రాన సరిపోదు. నివేదిక తెరిచి, రంగు పడిన వాక్యాలు ఏ భాగంలో ఉన్నాయో చూడండి. పద్ధతుల్లో ప్రామాణిక విధానాల పేర్లు కలిస్తే బెంగ లేదు. లక్ష్యాల్లో ఒక్క వాక్యం రంగు పడినా తిరగరాయాలి.

8. పోర్టల్‌లో గడువుకు మూడు రోజుల ముందు సమర్పించండి.

ఖాతాను మొదటి వారంలోనే తెరిచి ఉంచండి. ఫైలు పరిమాణం, అక్షరాల పరిమితి ముందే చూసుకోండి. స్కాన్ చేసిన లేఖలో ముద్ర, తేదీ, సంతకం మూడూ స్పష్టంగా కనిపించాలి. ఫోనుతో ఫొటో తీసి అతికించవద్దు. పోర్టల్‌లో బడ్జెట్టు పెట్టెలు నింపాక, మీ పత్రంలోని పట్టికతో ఒక్కో అంకె పోల్చండి.

సమర్పించే ముందు పరీక్ష

బయటివారెవరికైనా, పీహెచ్‌డీ విద్యార్థి అయినా సరే, పూర్తి పీడీఎఫ్ ఇచ్చి గంటసేపు ఈ ప్రశ్నలతో కూర్చోబెట్టండి. మీరు పక్కన ఉండవద్దు.

- ఒక్కో లక్ష్యానికి పద్ధతుల్లో ఏ పేరా జవాబు చెబుతుంది? జవాబు లేని లక్ష్యం ఉందా?
- బడ్జెట్టులోని ఒక్కో వస్తువు ఏ పేరాలో వాడుకలోకి వస్తుంది? పద్ధతుల్లో ఎక్కడా కనిపించని పరికరం ఉందా?
- నమూనాల సంఖ్య పాఠంలో, కాలపట్టికలో, బడ్జెట్టు సమర్థనలో ఒకటేనా?
- శీర్షిక, వ్యవధి, మొత్తం అన్ని పత్రాల్లో ఒకటేనా?
- కొటేషన్ల మీద తేదీ, చెల్లుబాటు కాలం, పన్ను ఉన్నాయా?

మొదటి రెండు ప్రశ్నలకు ఆ విద్యార్థి పేజీ సంఖ్యలు రాసి ఇవ్వగలగాలి. రాయలేకపోతే పరిశీలకుడికి కూడా అవి కనిపించవు.

సమర్పించాక వచ్చే రసీదు సంఖ్యను, పోర్టల్ నుంచి దింపుకున్న తుది ప్రతిని అచ్చు తీసి శాఖ ఫైలులో ఉంచండి. మీ కంప్యూటరులోని ప్రతి, పోర్టల్‌లోని ప్రతి ఒకటి కాకపోవచ్చు. ప్రజెంటేషన్‌కు పిలిచినప్పుడు కమిటీ చేతిలో ఉండేది రెండోదే.

తిరస్కరించి వ్యాఖ్యలు పంపితే, రెండు రోజులు ఆగి చదవండి. వ్యాఖ్యలను ఎడమ వైపు, మీరు చేయబోయే మార్పును కుడి వైపు రాసి పట్టిక వేసుకోండి. "బడ్జెట్టు ఎక్కువ" అన్న వ్యాఖ్యకు అంకెలు కోయడం ఒక్కటే దారి కాదు. చాలాసార్లు సమర్థన చాలలేదన్నదే దాని అర్థం. మళ్లీ పంపేటప్పుడు కొటేషన్లు, ఆమోద లేఖ, సారూప్య నివేదిక మూడూ కొత్త తేదీలతో తీసుకోవాలి. పాత లేఖ మీద కొత్త తేదీ రాయించుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు, మీరూ అడగకూడదు.